గంటలు లెక్కపెట్టని ఛార్జరు

మా ఇంట్లో తేదీ లేని వస్తువు ఉండదు. నూనె సీసా మూత మీద, గ్యాసు సిలిండరు మెడ దగ్గర, గోడ గడియారం వెనక, టార్చిలైటులో వేసిన సెల్లుల మీద కూడా నల్ల మార్కరుతో చిన్న అంకెలు రాసి ఉంటాయి. ఎప్పుడు మొదలుపెట్టామో తెలియని వస్తువు ఎంతకాలం వచ్చిందో ఎలా తెలుస్తుంది? హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన దాన్ని. ఆ తరవాత సోల్డరింగ్ ఐరన్ ఒకటి కొనుక్కున్నాను. అప్పటి నుంచి మా భోజనాల బల్ల సగం అన్నానికి, సగం దానికి.

అంతర్వేది వైపు మాకు ఒక చెక్క భూమి ఉంది. ఒకప్పుడు వరి పండేది, ఇప్పుడు రొయ్యల చెరువు. దాన్ని కౌలుకి చేస్తున్నవాడు నా దగ్గర చదువుకున్నవాడే. లెక్కల్లో అంతంతమాత్రం, రొయ్యల్లో మాత్రం దిట్ట.

రొయ్యల చెరువులో చక్రాలు ఆగకూడదు. నీటిని చిమ్మి గాలి కలిపే ఆ చక్రాలు చీకటివేళ ఆగిపోతే, తెల్లారేసరికి రొయ్యలు ఊపిరాడక గట్టు వారకి చేరతాయి. అందుకే ప్రతి గట్టు మీదా ఒక కాపలా మనిషి పడుకుంటారు. కరెంటు పోతే లేచి జనరేటరు వెయ్యడం వాళ్ల పని. వాళ్ల నిద్ర మన నిద్రలాంటిది కాదు. మనకి చప్పుడైతే మెలకువ వస్తుంది. వాళ్లకి చప్పుడు ఆగితే వస్తుంది.

మా చెరువు కాపలా మా వెనక వీధిలో ఉండే ఆడమనిషిది. భర్త వేట బోటు మీద పోతాడు, ఈమె గట్టు మీద ఉంటుంది. చిన్నప్పుడు జ్వరం వచ్చి ఎడమ చెవి పోయింది. అందుకని ఎప్పుడూ ఎడమ పక్కకే తిరిగి పడుకుంటుంది, కుడి చెవి పైకి ఉండాలని. ఏళ్ల తరబడి ఒకే పక్క మీద పడుకుని ఎడమ భుజం పట్టేసింది. కిందటి పంటలో ఒకనాడు అలసటకి నిద్రలోనే కుడి పక్కకి పొర్లింది. మంచి చెవి దిండులో కూరుకుపోయింది. కరెంటు పోయింది, చక్రాలు ఆగాయి, ఆ నిశ్శబ్దం ఆమెకి వినపడలేదు. పంటంతా పోలేదు గాని, పోయింది తక్కువేమీ కాదు.

కౌలు చేసేవాడు మా అరుగు మీద కూర్చుని ఆ సంగతి చెప్పాడు. ఆమె కూడా వచ్చి స్తంభం పక్కన నిలబడింది.

"అక్క మంచిదేనండి టీచరుగారూ. కష్టపడతాది. కానీ రొయ్యకి మంచితనం ఏం తెలుస్తాదండి? ఈ పంట వరకూ చూస్తాను. మళ్లా ఇలాగే అయ్యిందంటే వేరే మనిషిని పెట్టుకుంటాను. మీరేం అనుకోకండి."

"నేనెందుకు అనుకుంటానురా? అనుకోవలసిన మనిషి అక్కడుంది."

ఆమె "ఆయ్" అని మాత్రం అంది. వెళ్లేటప్పుడు ఆమెని ఆపాను.

"కరెంటు పోగానే అరిచే పెట్టె ఒకటి చేసిస్తాను. నీ మంచం కోడుకి కట్టుకుంటావా?"

"అరుపంటే ఎంత అరుపండీ?"

"చచ్చినవాళ్లు లేచేంత."

"చచ్చినోళ్లు ఎందుకండీ, నేను లేస్తే చాలు." పట్టేసిన భుజం తడుముకుంది. "అయితే కుడి పక్కకి తిరిగి పడుకోవచ్చాండీ?"

నాకు పరీక్షాపత్రం దొరికినట్టయింది. ఆ పెట్టె చెయ్యాల్సింది అదే. ఆమె ఏ పక్కకి తిరిగి పడుకున్నా లేపాలి.

పెట్టె చెయ్యడం కష్టం కాలేదు. కరెంటు ఉన్నంతసేపూ రిలే అనే చిన్న మీట బిగిసి ఉంటుంది. కరెంటు పోగానే వదిలేస్తుంది, బ్యాటరీ వెళ్లి హూటరుకి తగులుకుంటుంది. ఆమె జనరేటరు వేసిందంటే పెట్టెకీ కరెంటు వచ్చి అరుపు ఆగిపోతుంది. నొక్కాల్సిన స్విచ్చే లేదు. మనిషి మరిచిపోవడానికి ఏమీ మిగల్చకూడదని నా పట్టుదల.

మిగిలింది బ్యాటరీ. అది ఎప్పుడూ నిండుగా ఉండాలి. రీఛార్జి చేసుకునే నికెల్ సెల్లులు నాలుగు తెచ్చి, కట్టగా కట్టి, తేదీ రాశాను. అదే రకం సెల్లులు ఇంకో రెండు అదేరోజు మా టార్చిలో వేశాను. ఇక ఛార్జరు కోసం రాజోలు బస్సెక్కాను.

కొట్టతను కుర్రతనం దాటినవాడు, నవ్వు ముఖం. "ఫోనుకాండీ?" అన్నాడు.

"కాదు. నికెల్ సెల్లులకి."

"ఏదైనా ఒకటేనండి మేడంగారూ. సెల్లు సెల్లే కదండీ."

"బియ్యం బియ్యమేనని బిర్యానీ బియ్యంతో అట్లు పోస్తారా?"

"మా ఆవిడ పోస్తాదండి."

"తింటారా?"

"తినాలి కదండీ మరి!"

అతను నాకు రెండు రకాలు చూపించాడు. ఒకటి ఎప్పుడూ ఛార్జి చేస్తూనే ఉంటుంది, ఆపడం దానికి తెలియదు. అది వద్దన్నాను. రెండోదానిలో గడియారం ఉంది. కొన్ని గంటలు ఛార్జి చేసి తనంతట తనే ఆగుతుంది, ఎర్రదీపం పోయి పచ్చదీపం వస్తుంది. నా ప్రాణం లేచి వచ్చింది. సెల్లు మీద రెండువేల మిల్లీ ఆంపియర్ గంటలని రాసుంది. ఛార్జరు ఇచ్చేది అయిదు వందల మిల్లీ ఆంపియర్లు. భాగిస్తే నాలుగు గంటలు. వేడిగా పోయే వృథాకి ఇంకొక గంట. ఛార్జరు మీద కూడా సరిగ్గా అయిదు గంటలనే ఉంది. లెక్క ఇంత చక్కగా కుదిరిన వస్తువుని ఎవరు వదులుకుంటారు?

ఇంట్లో బల్ల మీద పెట్టి చూశాను. ఎర్రదీపం, అయిదు గంటలకి పచ్చదీపం, సెల్లులు గోరువెచ్చన. ప్లగ్గు పీకగానే పెట్టె అరిచిన అరుపుకి పక్కింటివాళ్లు గోడ మీదుగా తొంగిచూశారు.

చెరువు మీద కూడా మొదట్లో బాగానే పనిచేసింది. చుట్టుపక్కల గట్ల మీదివాళ్లు దానికి 'టీచరుగారి కోడి' అని పేరు పెట్టారు. "మీ కోడి తెల్లారకుండానే కూసేస్తందండి, వేళాపాళా నేర్పలేదా?" అని నన్నే అడిగేవారు. ఆమె మాత్రం ఎడమ పక్కకే తిరిగి పడుకుంటోంది.

"ఇంకా ఎందుకే?" అన్నాను.

"కొత్త కోడండి. నమ్మకం కుదరాలి కదండీ."

నమ్మకపోవడమే మంచిదయింది. కొన్నాళ్లకి ఒక మిట్టమధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు పెట్టె గొంతులో ముల్లు పడ్డ పిల్లిలా మూలిగి ఊరుకుంది. కౌలు చేసేవాడు అక్కడే ఉన్నాడు. పెట్టె ఊడదీసి మా ఇంటికి తెచ్చాడు, వెనక ఆమె.

"తప్పు అక్కది కాదండి, పెట్టెది. ఒప్పుకుంటాను. కానీ రాత్రి ఇలా అయితే ఎవరిదని అడగాలండీ? పగలు కాబట్టి సరిపోయింది." తరవాత ఆమె వైపు తిరిగాడు. "నువ్వు ఫోను పెట్టుకోడానికి ప్లగ్గు పీకుతున్నావేమో అక్కా?"

"నా ఫోను ఇంటికాడే పెట్టుకుని వస్తానండి. ఆ పెట్టె జోలికెళ్తే టీచరుగారు బెంచీ ఎక్కించేస్తారండి."

వాడు నవ్వలేదు. "కొత్త సెల్లులేసి చూడండి. ఇంకొక్కసారి చూస్తాను," అని వెళ్లిపోయాడు.

కొత్త సెల్లులు వేశాను, తేదీ రాశాను. అవీ అంతే. ముందరివాటికంటే త్వరగా నీరసపడ్డాయి. ఈసారి ఆమే కనిపెట్టి, వాడికి చెప్పకుండా ముందు నాకు తెచ్చిచ్చింది. "కూత సన్నబడిందండి," అంది. ఆమె ముఖం చూస్తే పెట్టెకి కాదు, ఆమెకే జబ్బు చేసినట్టుంది.

టార్చిలో సెల్లులు తీసి పక్కన పెట్టాను. తేదీలు చూశాను. పెట్టెలో మొదటి కట్ట, టార్చిలో సెల్లులు, రెండూ ఒకేనాడు మొదలైనవి. టార్చివి నిక్షేపంలా ఉన్నాయి. చెరువు మీదివి రెండు కట్టలూ పోయాయి. కాబట్టి సెల్లులో లోపం లేదు. ఉప్పుగాలా? రేకుల షెడ్డు వేడా? ఛార్జరులో గడియారం పాడయిందా? ఇంట్లో పెట్టి మళ్లీ చూస్తే అది బంగారంలా అయిదు గంటలకి ఆగింది. ఇంట్లో ఇంత బుద్ధిమంతుడు, గట్టు మీదికి వెళ్లేసరికి ఏమవుతున్నాడు? క్లాసులో నోరెత్తని పిల్లలు కొందరు మైదానంలో ఎలా ఉంటారో చూడాలంటే మైదానానికే వెళ్లాలి. ఇంకో కట్ట వేసి, పెట్టెతోపాటు ఆటో ఎక్కాను.

అది ఎండాకాలం. పొద్దుటి నుంచే పడమటి గాలి విసురుగా వీస్తోంది. గాలి వీస్తే మా వైపు కరెంటు పోవడం, రావడం మామూలే. కొబ్బరి మట్టలు తీగలకి తగులుతాయి. ఒక్కొక్కసారి రెప్పపాటు పోయి వచ్చేస్తుంది. ఎక్కువసేపు పోతే జనరేటరు వేస్తారు, తరవాత జనరేటరు నుంచి లైనుకి మారుస్తారు. ఇదంతా మాకు ఎంత అలవాటంటే, 'ఇవాళ కరెంటు పోలేదు' అన్నదే కబురు.

ఆమె నాకు ప్లాస్టిక్ కుర్చీ వేసి, బొండం కొట్టి ఇచ్చింది. నేను పెట్టె మూత తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. చాలాసేపు ఏమీ జరగలేదు. మధ్యాహ్నానికి అయిదు గంటలూ పూర్తయి పచ్చదీపం వచ్చింది. సెల్లులు నిండిపోయాయని అర్థం. గాలి ఒక్క విసురు విసిరింది. చక్రాలు తడబడ్డాయి, పెట్టె కుయ్యిమంది, మళ్లీ అన్నీ తిరిగాయి.

పచ్చదీపం ఎర్రబడింది.

సెల్లులు నిండే ఉన్నాయి. అయినా ఛార్జరు మొదటి గంట మొదటి క్షణం నుంచి మళ్లీ మొదలుపెట్టింది. దానికి సెల్లు సంగతి ఏమీ తెలియదు. దానికి తెలిసింది గడియారం ఒక్కటే. కరెంటు పోతే ఆ గడియారం తన లెక్క మరిచిపోతుంది. ఇంకోసారి కరెంటు రెప్ప వేసింది, ఇంకోసారి సున్నా నుంచి అయిదు గంటలు. జనరేటరు వేస్తే ఒకటి, లైనుకి మారిస్తే ఒకటి. సాయంత్రానికి సెల్లులు ఎండలో గులకరాళ్లలా కాలుతున్నాయి. కడుపు నిండినవాడికి కూర్చోబెట్టి ఇంకో విస్తరి, ఆ పైన ఇంకో విస్తరి వడ్డించినట్టే.

మరి ఇంట్లో ఎందుకు తెలియలేదు? మా ఇంట్లో ఇన్వర్టరు ఉంది. వీధిలో కరెంటు పోయినా బల్ల దగ్గర ప్లగ్గుకి ఆ సంగతి తెలియదు. కరెంటు పోయే చోట పనిచెయ్యాల్సిన పెట్టెని కరెంటు పోని చోట పరీక్షించాను. ఎవరైనా పిల్లవాడు ఇలా చేసి ఉంటే సగం మార్కులు తీసేసేదాన్ని.

"ఏం తేలిందండీ?" అంది ఆమె.

"మీ పక్క చెరువు మోటారుకి ఆటో పెట్టారు చూడు, కరెంటు రాగానే దానంతట అదే తిరిగేది. కిందటి వారం ఏమయింది?"

"ఏమవుద్దండీ? ఎవ్వరూ లేరు, కరెంటొచ్చింది, తిరిగింది, ట్యాంకు నిండి పొర్లింది, మేత బస్తాలు తడిసేయి. ఆయన ఆటోని తిట్టేరు, ఆయన భార్య ఆయన్ని తిట్టేరు."

"ఈ ఛార్జరూ అంతే."

"అయితే ఎవర్ని తిట్టాలండీ?"

"కొన్నదాన్ని."

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు.

గంటలు లెక్కపెట్టే ఛార్జరు మాకు పనికిరాదని తేలింది. పనికొచ్చేది ఎలా ఉండాలి? ఈ ప్రశ్న ఆ గట్టు మీదే తేలింది. మా చెరువుకీ కాలవకీ మధ్య తూము ఉంది. తలుపు ఎత్తితే కాలవ నీరు చెరువులోకి పడుతుంది. రెండు మట్టాలూ సమానమైతే ప్రవాహం ఆగుతుంది. తలుపు ఎన్నిసార్లు మూసి తెరిచినా చెరువు పొర్లదు, ఎందుకంటే తూము గంటలు చూడదు, మట్టం చూస్తుంది. నాకు కావలసింది మట్టం చూసే ఛార్జరు. విద్యుత్తులో మట్టం అంటే వోల్టేజి.

ఇది ఆలోచించేసరికి బ్యాటరీ కూడా మార్చాలని తెలిసింది. నికెల్ సెల్లుకి ఆ పద్ధతి కుదరదు. అది నిండాక వోల్టేజి పెరగడం మాని, ఒక పిసరు దిగుతుంది. తెలివైన ఛార్జర్లు ఆ దిగడాన్ని పసిగట్టి ఆపుతాయిట. కానీ అవీ కరెంటు పోయి వచ్చినప్పుడల్లా పరీక్ష మళ్లీ మొదటి నుంచి పెట్టుకుంటాయి, ప్రతి పరీక్షకీ సెల్లు కొంత వేడెక్కుతుంది. ఎప్పుడో వాడి, ఎప్పుడో నింపుకునే టార్చికి అది మంచిదే. ఏళ్ల తరబడి నిండుగా కాచుకుని కూర్చోవలసిన పెట్టెకి కాదు. ముందు బ్యాటరీ కొనుక్కుని తరవాత ఛార్జరు వెతికాను. అసలు మొదట చూడాల్సింది ఆ బ్యాటరీ చెయ్యబోయే ఉద్యోగం ఏమిటని.

ఈసారి అమలాపురం వెళ్లాను. పెద్ద కొట్టు, నడివయసాయన.

"ఇప్పుడంతా లిథియమేనండి మేడంగారూ. తేలిక, చిన్నది."

"దాని ఛార్జరు ఎక్కడ ఆగుతుంది?"

"అదే ఆగుతాదండి."

"ఎక్కడ?"

ఆయన నన్ను కొంచెం పరీక్షగా చూశాడు. "మీరు టీచరుగారాండీ?"

లిథియం మంచిదే, దాని ఛార్జరు మట్టం చూసేదే. కానీ నిండుగా పెట్టి ఎండలో కూర్చోబెడితే దాని ఆయుష్షు తరిగిపోతుంది. పైగా ఎవరైనా తెలియక వేరే ఛార్జరు తగిలిస్తే నిప్పంటుకోవచ్చు. మా షెడ్డు రేకుల మీద చల్లదనానికి తాటాకు కప్పి ఉంది. ఆ కింద నిద్రపోయే మనిషి ఉంది. వద్దన్నాను. ఎమర్జెన్సీ లైట్లలో వేసే ఆరు వోల్టుల సీసం బ్యాటరీ అడిగాను, మూత బిగించి ఉండేది.

"అది పాతకాలందండి."

"నేనూ అంతే."

దానికి తగ్గ ఛార్జర్లు రెండు తీశాడు. పెట్టెల మీద ఒకేలా రాసుంది. నేను సంచిలోంచి మీటరు తీశాను. "బ్యాటరీకి తగిలించి, నిండాక ఏది ఎంత దగ్గర ఆగుతుందో చూస్తాను. కూర్చోవచ్చా?" ఆయన స్టూలు వేశాడు. కాసేపటికి టీ తెప్పించాడు. ఇంకాసేపటికి కొట్లోకి వచ్చినవాళ్లు కూడా మీటరు చుట్టూ నిలబడి పందెం గుర్రాలని చూసినట్టు చూడడం మొదలుపెట్టారు. మొదటి ఛార్జరు ఏడు వోల్టులు దాటింది, ఇంకా ఎక్కుతూనే ఉంది. దాన్ని అలా వదిలేస్తే బ్యాటరీ లోపలి తడి ఉడికి ఆరిపోతుంది. రెండోది ఆరు పాయింటు ఎనిమిది దగ్గరికి వచ్చి నిలబడింది. అక్కడి నుంచి కదల్లేదు. లోపలికి పోయే కరెంటు మాత్రం తగ్గుతూ తగ్గుతూ దాదాపు ఏమీ లేకుండా పోయింది. తూము దగ్గర నీరు సమానమైనప్పుడు గడ్డిపోచ కదలకుండా నిలబడుతుంది చూడండి, అలాగ. ప్లగ్గు పీకి పెట్టాను. మళ్లీ పీకి పెట్టాను. ప్రతిసారీ అక్కడికే వచ్చి ఆగింది. కొట్టాయన కూడా ఒకసారి పీకి పెట్టాడు.

"బాగుందండి," అన్నాడు. "ఇన్నాళ్లూ అమ్ముతున్నాను గాని, ఇది ఇలా నిలబడతాదని చూళ్లేదండి."

పెట్టెకి కొత్త బ్యాటరీ, కొత్త ఛార్జరు బిగించి, తేదీ రాసి, ఈసారి పరీక్ష గట్టు మీదే పెట్టాను. ఆ వేసవి గాలులకి కరెంటు ఎన్ని తిప్పలు పెట్టాలో అన్నీ పెట్టింది. నేను వెళ్లినప్పుడల్లా బ్యాటరీ మీద చెయ్యి వేసి చూసేదాన్ని. చల్లగా ఉండేది. కౌలు చేసేవాడు నన్ను చూసి, "నాడి దొరికిందాండీ?" అనేవాడు. కూత ఒక్కసారీ సన్నబడలేదు. రొయ్యలు పట్టి పంట పట్టుబడి అయ్యేవరకూ చక్రాలు ఆగిన ప్రతిసారీ ఆమె లేచింది, జనరేటరు వేసింది.

పట్టుబడి అయ్యాక వాడు ఏమంటాడోనని నాకు లోపల బెరుకుగానే ఉంది. ఆమెకి ఇంకా ఎక్కువ. చెరువు ఆరగట్టి, సున్నం చల్లి, మళ్లీ నీరు పెట్టేదాకా వాడు కాపలా మాట ఎత్తలేదు. చెరువులో కొత్త రొయ్యపిల్ల వదిలిన రోజు నేను చూడడానికి వెళ్లాను. వాడు వ్యాను దిగి, వెనక నుంచి కొత్త నవారు మంచం దించాడు.

"ఎవరికిరా?" అన్నాను.

"అక్కకేనండి. పాతది కుంగిపోయింది. మంచం కుంగితే మనిషి పొర్లుతాదండి, అసలు గొడవంతా అక్కడే వచ్చింది." ఆమె వైపు చూడకుండా, "ఆ కోడిని దీని కోడుకి కట్టించండి టీచరుగారూ," అన్నాడు.

నేనే కట్టాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక వాడు మేత చూసుకోవడానికి వెళ్లాడు. నేను షెడ్డు నీడలో కుర్చీలో కూర్చున్నాను. చక్రాలు చప్పుడు చేస్తున్నాయి. ఆమె కొత్త మంచం మీద నడుం వాల్చింది, అలవాటుగా ఎడమ పక్కకి. కాసేపు అలాగే ఉంది. తరవాత ఆ పట్టేసిన భుజాన్ని చేత్తో పట్టుకుని, మెల్లిగా, బరువు మార్చుకుంటున్నట్టు, కుడి పక్కకి తిరిగింది. మంచి చెవి దిండులోకి పోయింది.

"ఏమే?" అన్నాను.

వినపడలేదు. నిద్రపోయింది.